మలుపు దాకా మూసిన దారి

అక్టోబరు పదకొండో తేదీ. ఆ మధ్యాహ్నం పై సరస్సు ఒడ్డున ఒక బండ మీద కూర్చుని రెండు ఉడికించిన గుడ్లు, ముందురోజు రొట్టె, కాస్త మెత్తబడిన ఆపిల్ తిన్నాను. ఉప్పు పొట్లం ఇంట్లో మరిచిపోయాను. అయినా గుడ్లు బాగానే ఉన్నాయి. అంత ఎత్తుకి నడిచి వెళ్ళాక ఏది తిన్నా బాగానే ఉంటుంది. అది కొండ చేసే చిన్న ఉపకారం. గాలి లేదు. అవతలి శిఖరం నీళ్ళలో తలకిందులుగా, కదలకుండా ఉంది.

నేను అక్కడున్నానని ఎవరికీ తెలియదు. మందుల షాపాయనతో చదరంగం ఆడడానికి వెళ్తానని అమ్మాయికి ముందురోజే చెప్పి, పొద్దున్నే బయలుదేరాను.

"ఆ సంచీలో ఏంటి నాన్నా, అంత ఉబ్బుగా ఉంది?"

"బల్ల, పావులు. ఆయన దగ్గరున్న వాటిలో గుర్రం ఒకటి పోయింది."

సంచీలో ఉన్నవి బూట్లు. వీధి చివర బస్టాపులో కూర్చుని చెప్పులు విప్పి వాటిని తొడుక్కున్నాను. అమ్మాయి ఇంకేమీ అడగలేదు. తనూ పాత ప్యాంటు, పాత చొక్కా వేసుకుని తొందరలో ఉంది. స్నేహితురాలు ఇల్లు మారుతోందట, సామాను సర్దడానికి వెళ్తున్నానంది.

నిజం చెబితే నన్ను గడప దాటనిచ్చేది కాదు. కిందటి చలికాలం మొదట్లో ఆ దారిలోనే కాలు జారి మడమ బెణికింది. రాత్రంతా ఒక దేవదారు చెట్టుకి ఆనుకుని కూర్చుండిపోయాను. పొద్దున గొర్రెలు తోలుకుంటూ ఒకతను వచ్చి భుజం ఆసరా ఇచ్చి కిందికి దింపాడు. నా మటుకు నాకది చలి ఎక్కువగా ఉన్న ఒక రాత్రి. అమ్మాయి మాత్రం ఆ రాత్రి గురించి ఇప్పటికీ మాట్లాడదు. మాట్లాడాల్సి వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

నేను పైకి వెళ్ళింది పని మీద. వాలులో వేసిన కాలిబాటకి అక్కడక్కడా అడ్డంగా చిన్న కాలువలు తవ్వి, అంచున రాళ్ళు పేరుస్తాం. వాన నీళ్ళు బాట వెంట పరిగెత్తకుండా పక్కకి పోవడానికి. వేసవి గడిచేసరికి అవి ఆకులతో, మట్టితో పూడిపోతాయి. మంచు పడకముందే తీసెయ్యాలి, లేదంటే వసంతంలో మంచు కరిగి ఆ నీళ్ళు దారినే తినేస్తాయి. ఏటా మంచుకి ముందు ఆ పని నేనూ మా ఆవిడా చేసేవాళ్ళం. ఆమె పోయాక నేనొక్కణ్ణే చేస్తున్నాను.

ఆ దారి ఆమె వేసిందే అనాలి. ఆసుపత్రిలో నర్సు. వారమంతా రోగుల మధ్య నిలబడి, సెలవు దొరికితే కొండెక్కేది. మొదట అక్కడ మేకలు నడిచిన జాడ తప్ప ఏమీ లేదు. కూలిన చెట్ల కింద పాకుతూ, ముళ్ళు దులుపుకుంటూ మొదటిసారి పై సరస్సు చూసిన రోజు, "ఇది ఇంకెవరికీ చూపించకపోతే పాపం" అంది. తర్వాత ఎన్ని వేసవులో! ఇద్దరం నలుగురమయ్యాం, నలుగురం పెద్ద జట్టయ్యాం. ఎవరికీ జీతం లేదు, ఒకరి మీద ఒకరు విసుక్కోవడానికి మాత్రం కొదవలేదు. ఆ అడవిలో యంత్రాల రంపాలు వాడనివ్వరు. అడ్డంపడిన మానుల్ని జంటరంపంతో కోసేవాళ్ళం, ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఆ రంపాన్ని లాగడమే గాని నెట్టకూడదు. అవతలివాళ్ళు లాగేటప్పుడు చెయ్యి వదులుగా పెట్టుకుని ఊరుకోవాలి. నెడితే రంపం వంగి బిగుసుకుపోతుంది. సంసారం చేసినంత కాలం మేం పోట్లాడుకోకుండా చేసిన పని బహుశా అదొక్కటే.

మా బావమరిది నెడతాడు. ఎన్నిసార్లు చెప్పినా నెడతాడు. మా ఆవిడకి తమ్ముడు, మాటతోనే పనంతా చేయిస్తాడు కాబట్టి జట్టులో అందరూ 'మేస్త్రి' అంటారు. ఆమె పోయాక జట్టుకి పెద్ద అతనే అయ్యాడు.

చిక్కల్లా దారి మరీ బాగా రావడంతో వచ్చింది. ఎవరైనా ఎక్కగలిగారు, కాబట్టి అందరూ ఎక్కారు. ఒడ్డంతా సీసాలు, డబ్బాలు, కాల్చిన మొద్దులు. ఆఖరి వేసవిలో మా ఆవిడ ఒక బస్తా చెత్త వీపున వేసుకుని దిగుతూ, "మనం దారి బాగుచేశామంటావా, సరస్సుని పాడుచేశామంటావా?" అంది. నేను పనిచేసింది నీటి పరీక్షల ప్రయోగశాలలో. ఈ వేసవిలో ఆ సరస్సు నీళ్ళు పట్టుకొచ్చి చూసింది కూడా నేనే. బాగాలేవు. ఉన్నదున్నట్టు అటవీ కార్యాలయంలో చెప్పాను. వాళ్ళు, దారి కొన్నేళ్ళు మూసేస్తే మంచిది, కాని అది మీరు వేసుకున్న దారి, మీ జట్టే తేల్చుకోండి అన్నారు.

జట్టు సమావేశంలో నేను మూయొద్దన్నాను. రోజుకి ఇంతమందికే అనుమతి అని పెట్టమన్నాను. కింద కాపలా కూర్చోవడానికి నేనే వస్తానన్నాను. వాదనలో బలం లేదని నాకూ తెలుసు. ఆమె చేతిపనిలో ఈ భూమ్మీద మిగిలింది ఆ బాట ఒక్కటే అని నలుగురిలో నిలబడి ఎలా చెప్తాను? మేస్త్రి నా భుజం తట్టి, "వచ్చే వేసవి దాకా ఆగుదాం బావా, తొందరేముంది" అన్నాడు. అందుకే ఆ రోజు కాలువలు అంత శ్రద్ధగా తీశాను. ఇంకో వేసవి ఉందని.

దిగడం మొదలుపెట్టేసరికి నీడలు పొడుగయ్యాయి. మోకాళ్ళ మాట విని నెమ్మదిగా దిగాను. రోడ్డు దగ్గరపడే చోట బాట ఒక పెద్ద బండ చుట్టూ తిరుగుతుంది. అది దాటితే తిన్నగా, రాయి విసిరితే అందేంత దూరంలో బళ్ళు నిలిపే ఖాళీ స్థలం. బండ చుట్టూ తిరిగాను. ఎదురుగా దారి లేదు.

పొదలున్నాయి. నడుం ఎత్తు ఎండుకొమ్మలు, వాటి మధ్య నిలువుగా సన్నటి మోళ్ళు, కింద ఎన్నాళ్ళుగానో పడి ఉన్నట్టు ఆకుల మెత్త. మసక వెలుతురులో అదంతా ఎప్పటి నుంచో అలాగే ఉన్న అడవిలా కనిపించింది. ముందు నన్ను నేనే అనుమానించాను. వయసు మీద పడ్డవాడు చేసే మొదటి పని అదే కదా. బండ విషయంలో పొరపాటు పడ్డానేమో అనుకుని వెనక్కి ఎక్కాను, మళ్ళీ దిగాను. అదే బండ. ఎడం పక్క కాస్త ఖాళీగా కనిపిస్తే అటు అడుగేశాను. కాలి కింద రాయి కదిలి దొర్లిపోయింది. అది కింద వాగులో పడిన చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదు.

అక్కడే కూర్చున్నాను. ఆ సమయంలో కూర్చోవాలని తోచడమే నా అదృష్టం.

కూర్చున్నచోటి నుంచి చేతికందిన కొమ్మని లాగి చూశాను. దాని మొదలు విరిగింది కాదు, కోసింది. కోసిన చోట మట్టి పూసి ఉంది. అప్పుడర్థమైంది. నిలబెట్టిన మోళ్ళు, చల్లిన ఆకులు, కోత తెల్లగా మెరవకుండా మట్టి. తప్పుదారులు మూయడానికి మా జట్టు చేసే పనే ఇది. పొడుగునా మూయాల్సిన అవసరం లేదు. మనిషి కంటికి ఎంత మేర కనిపిస్తుందో అంత మేర మూస్తే చాలు. మొదటి మలుపు దాకా. అక్కడ దారి లేదనుకున్నవాడు దాని వెనక ఉంటుందని వెతకడు.

అంటే వచ్చే వేసవి దాకా ఆగలేదన్నమాట. నేను పైన కాలువల్లో మట్టి తీస్తుంటే కింద మావాళ్ళు ఈ పని చేసి వెళ్ళారు. యంత్రాల చప్పుడు ఉండదు, నాకు చెవులు అంతంతమాత్రం. ఏమీ వినిపించలేదు.

కోపం రావాలి. వచ్చేదేమో. కాని చేతిలో ఉన్న కొమ్మని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుని చూశాను. మట్టి మీద చిన్న నాచు ముక్క అద్ది ఉంది. బొటనవేలితో నొక్కిన గుర్తు ఇంకా తడిగా ఉంది. పక్క కొమ్మకీ అలాగే. ఆ పక్కదానికీ.

జట్టులో అందరూ మట్టి పూసి వదిలేస్తారు. మట్టి మీద నాచు అద్దేది మా ఆవిడ ఒక్కతే. "దెబ్బ మీద మందు రాసి వదిలేస్తే ఎలా? కట్టు కట్టొద్దూ?" అనేది. మాకంత ఓపిక లేదని నవ్వేవాళ్ళం. ఆ పని ఆమె దగ్గర నేర్చుకున్నది ఒక్కరే. పదేళ్ళ పిల్లగా తల్లి పక్కన గొంతుక్కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ నాచు ముక్కలు అద్దేది.

స్నేహితురాలు ఇల్లు మారడం. పాత ప్యాంటు. తొందర.

చాలాసేపు ఆ కొమ్మ పట్టుకుని కూర్చున్నాను. ఎంత బాగా చేసిందో అనిపించింది, ఆ మాట దాచుకోవడమెందుకు. వాళ్ళమ్మ కూడా వంక పెట్టలేని పని. అంత బాగా చేయడానికి ఎంతసేపు మోకాళ్ళ మీద ఉండి ఉంటుంది? ఒక్కసారైనా చెయ్యి ఆగిందా?

చీకటి పడకముందే కొమ్మలు పక్కకి జరుపుకుంటూ, చొక్కా చింపుకుంటూ రోడ్డుకి చేరాను. వెనక్కి తిరిగి చూస్తే నేను వచ్చిన మేర పొదల్లో పెద్ద గండి. ఎవరికైనా ఇట్టే కనిపిస్తుంది. ఆ గండి చూస్తూ నిలబడ్డాను. ఏం చేశానో చెప్తే మందుల షాపాయన నాకు మతి పోయిందన్నాడు. వెనక్కి వెళ్ళి, పక్కకి తోసిన కొమ్మల్ని ఒక్కొక్కటే యథాస్థానంలో పెట్టాను. మోళ్ళు లేపి నిలబెట్టాను. నా బూట్ల జాడల మీద ఆకులు చల్లాను. రెండు కొమ్మల మీద నాచు ఊడిపోతే వెతికి తెచ్చి మళ్ళీ అద్దాను. నాకిష్టం లేని పనే. కాని సగంలో చెడగొట్టిన పనిని అలా వదిలేసి రావడానికి చేతులు ఒప్పుకోలేదు.

అక్కడ స్టాపు లేకపోయినా బస్సు డ్రైవరు ఆపాడు. కండక్టరమ్మ నా బట్టలు చూసి సీటు మీద పాత పేపరు పరిచింది.

"ఎక్కడ దొర్లారు తాతగారూ?"

"సొంత దారిలోనే అమ్మా."

"బాగుంది సంబరం" అని తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చింది. ఆ టీకి ఆమెకి ఋణపడి ఉంటాను.

ఇంట్లో అన్ని దీపాలూ వెలుగుతున్నాయి. నేను గేటు తీస్తుండగానే అల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "వచ్చేశారు! మామయ్యగారు వచ్చేశారు!" అని లోపలికి కేకేసి, నా చేతిలో సంచీ అందుకుని, "ఎక్కడికెళ్ళారండీ, ఆసుపత్రికి కూడా ఫోన్ చేశాం" అన్నాడు. మంచివాడు. అతని కళ్ళలో భయం తప్ప ఇంకేం లేదు.

ముందు గదిలో మేస్త్రి నిలబడి ఉన్నాడు, బూట్లకి ఎండిన మట్టితో. అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంది. లేవలేదు.

"ఏంటి బావా ఇది! ఆ మందుల షాపాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? 'ఆయన నాతో ఆడి రెండేళ్ళయింది, ఓడిపోతానని భయం' అన్నాడు. మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడున్నావ్?"

"పైన" అన్నాను.

"పైనంటే?"

"సరస్సు దగ్గర. కాలువలు తీస్తున్నాను."

మేస్త్రి మొహంలో రంగు మారింది. అమ్మాయి తలెత్తి నా చొక్కా చిరుగులు, చేతుల మీద గీతలు చూసింది. అడగాల్సింది ఏమీ మిగల్లేదని ఆ చూపులోనే తెలిసింది.

"మూసేముందు పైన ఎవరైనా ఉన్నారేమో చూశారా?" అని అడిగాను. అది జట్టు మొదటి నియమం. ఒకరు చివరిదాకా వెళ్ళి, గట్టిగా పిలిచి, ఎవరూ లేరని తేలాకే కొమ్మ కదపాలి.

"బళ్ళు నిలిపేచోట ఒక్క బండి లేదు కదా బావా."

"బండి సంగతి కాదు, మనిషి సంగతి అడిగాను."

"బస్సులో వచ్చి కొండెక్కేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?"

"నేనున్నాను."

అల్లుడు దగ్గాడు. మేస్త్రి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "సరే, తప్పే. నేనే వెళ్ళాల్సింది. చలిగా ఉందని బద్ధకించాను. కాని నువ్వు చదరంగానికి వెళ్తావని అమ్మాయి చెప్తేనే కదా ఈ రోజు పెట్టుకున్నాం!" అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"నేనుండని రోజు చూసి పెట్టుకున్నారు."

"నువ్వు చూస్తుండగా చెయ్యాలా? ఎలా చేస్తాం? నీళ్ళు పాడయ్యాయని చెప్పింది నువ్వే. అక్క కూడా ఉంటే..."

"అక్కని మధ్యలోకి తేకు. చేతులెత్తి ఓటేసిన రోజు నన్నెందుకు పిలవలేదు?"

"పిలిస్తే మాట్లాడతావు. నువ్వు మాట్లాడితే అందరూ మెత్తబడతారు. నీతో వచ్చిన తంటానే అది. అరిచే మనిషివైతే ఎప్పుడో తేల్చేసేవాళ్ళం." గొంతు తగ్గించాడు. "పిలవకపోయినా సగం మంది నీ వైపే ఉన్నారు బావా. ఒక్క చెయ్యి తేడాతో..."

"మామయ్యా, ఇక చాలు" అంది అమ్మాయి. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ ఒక్క చెయ్యి నాది నాన్నా."

పక్కింట్లో ఎవరో పిల్లని అన్నానికి పిలుస్తున్నారు. ఆ పిల్ల రానంటోంది.

"తెలుసమ్మా. నాచు చూశాను."

అప్పుడేడ్చింది. పెద్దగా కాదు. మేస్త్రి కాసేపు తన బూట్ల మట్టి చూసుకుని, "నేను పొద్దున్నే వస్తా" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఎలా దిగావ్? అంతా పీకి పారేశావా? రేపు మళ్ళీ చెయ్యాలా?" అన్నాడు. మేస్త్రి మేస్త్రే.

"అక్కర్లేదు. నా వెనక మళ్ళీ మూసే వచ్చాను."

నా మొహంలోకి ఒకసారి చూసి, గేటు వేసి వెళ్ళిపోయాడు.

అల్లుడు సూప్ వేడిచేసి పెట్టి, మా ఇద్దర్నీ వదిలి లోపలికి వెళ్ళాడు. అలా వెళ్ళాలని తెలిసిన మనుషులు తక్కువ. అమ్మాయి బేసిన్‌లో వేడినీళ్ళు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. సాక్సు తనే లాగింది. గోళ్ళ కింద ఇంకా మట్టి ఉంది.

"అమ్మ అక్కడ లేదు నాన్నా."

"నాకు మాత్రం తెలీదా? అక్కడ నాకు పని ఉంది."

"పనే అయితే ఎవరితోనైనా కలిసి వెళ్ళు. ఎందుకు ఒక్కడివే వెళ్తావ్?"

ఇంకెవరైనా ఉంటే మాట్లాడాల్సి వస్తుందని, ఒక్కణ్ణే ఉంటే రంపం అవతలి చివర ఎవరో పట్టుకున్నట్టే ఉంటుందని కన్నకూతురితో ఎలా చెప్పను? "అలవాటు" అన్నాను.

"పోయినేడాది ఆ రాత్రంతా నేనేం చేశానో తెలుసా? నువ్వు తొడుక్కెళ్ళిన స్వెట్టరు ఏ రంగో గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను. పొద్దున పోలీసులు అడుగుతారు కదా, చెప్పడానికి. గుర్తు రాలేదు నాన్నా. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు." నీళ్ళలో నా మడమ పట్టుకుని ఉంది. "సరస్సు బాగుపడితే పడుతుంది, లేకపోతే లేదు. నేను చెయ్యెత్తింది నీళ్ళ కోసం కాదు. నువ్వు వెళ్ళకుండా ఉండడానికి."

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అన్నాను. ఏడాదిగా అంటూనే ఉన్నాను. సరేనంటావు. నవ్వుతావు. మళ్ళీ వెళ్తావు."

అదీ నిజమే. నేనెప్పుడూ కాదనలేదు. అవునని చెప్పి నాకు తోచింది చేశాను. తనూ ఈసారి అదే చేసింది. ఇద్దరం ఒకరికొకరు అబద్ధం చెప్పి ఒకే దారికి వెళ్ళాం. నేను పైనుంచి బాగుచేస్తూ వచ్చాను, తను కింది నుంచి మూస్తూ వచ్చింది. కావాలంటే నవ్వుకోవచ్చు. మా ఆవిడ ఉంటే నవ్వేది.

"మలుపు దాటాక దారి అలాగే ఉంది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. బెదిరించాలని కాదు. తనకి చెప్పకుండా దాచింది ఇంకేమీ ఉండకూడదని కావచ్చు.

అమ్మాయి టవలు తీసుకుని కాళ్ళు తుడిచింది. వేళ్ళ మధ్య కూడా, చంటిపిల్లలకి తుడిచినట్టు. "నాకు తెలుసు" అంది. "నువ్వు ఆ పొదల్లోంచి ఎలా దూరాలో తెలిసినవాడివని కూడా తెలుసు. ఇక వెళ్ళనని మాటివ్వు నాన్నా. సరేననకు. మాటివ్వు."

తన మొహం వైపు చూశాను. తల్లి నుదురే, తల్లి పట్టుదలే. సరే అనడం ఎంత తేలికో నాకు తెలుసు, ఆ మాట నాలుక చివరే ఉంది. ఈసారి అనలేకపోయాను. అబద్ధం ఆడడానికి మనసొప్పలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"సూప్ చల్లారిపోతోంది" అన్నాను.

బేసిన్ ఎత్తుకుని వెళ్ళి నీళ్ళు పారబోసి వచ్చింది. నేను తిన్న గిన్నె కడిగింది. నా గదిలో దుప్పటి దులిపి వేసి, తలగడ సరిచేసి, మంచినీళ్ళు పెట్టి, "పడుకో నాన్నా, అలిసిపోయావు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

పడుకున్నాను. తలుపు సందులోంచి ముందు గది కనిపిస్తోంది. అమ్మాయి నా బూట్లు తీసింది. వాటి మట్టి దులపలేదు, బయట పెట్టలేదు. చంకలో పెట్టుకుని వీధి తలుపు దగ్గరికి నడిచింది. నన్ను లేపకూడదని కాబోలు, చప్పుడు కాకుండా రెక్క దగ్గరికి లాగి, గడియ వేసి, తాళం తిప్పింది. మామూలుగా తాళంచెవి అక్కడే వదిలేస్తుంది. ఆ రోజు దాన్ని తీసి పిడికిట్లో పెట్టుకుని తన గదిలోకి వెళ్ళి, ఆ తలుపు కూడా అంతే మెల్లగా వేసుకుంది.